నల్ల మూలల కార్డులు

మా ఆఫీసులో దాచిన పాత ఉత్తరాల్లో ఎవరూ చచ్చిపోరు. పెళ్ళిళ్ళు అవుతాయి, పిల్లలు పుడతారు, కోవూరు పొలాల్లో నారు పోస్తారు, నాయుడుపేటలో కొన్న ఎద్దు ఇంటికొచ్చాక కుంటిదని తెలుస్తుంది. ఒక అత్తగారికి కీళ్ళ నొప్పులు. ఆవిడ పాతిక ఉత్తరాల పొడుగునా మూలుగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక ఉత్తరం నుంచి ఆవిడ ఊసే ఉండదు. పోయిందని ఎవరూ రాయరు. పరిశోధన కోసం వచ్చి నెల రోజులు మా దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి, "మీ జిల్లాలో చావులుండవా మేడమ్?" అని అడిగింది.

ఎందుకుండవు? చావు కబురు తెచ్చిన కార్డును మావాళ్ళు ఇంట్లో ఉంచరు, అంతే. శుభవార్త అయితే మూలలకు పసుపు రాస్తారు, చావు కబురైతే నాలుగు మూలలకూ నల్ల సిరా పూస్తారు. చదువురానివాళ్ళకు కూడా చేతికి రాగానే తెలిసిపోవాలని. మా అమ్మ అలాంటి కార్డు వస్తే గడప దాటి లోపలికి తెచ్చేది కాదు. వీధిలోనే నిలబడి చదివి, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి కాలవలో పడేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, అప్పుడు ఏడ్చేది. ముందు చింపాలి, తర్వాత ఏడవాలి. అక్షరాలు నేర్చుకోకముందే నేను నేర్చుకున్న విద్య అది.

మా ఆయన ఆ రికార్డుల ఆఫీసులోనే గుమాస్తాగా ఉండేవాడు. హైవే మీద లారీ గుద్ది పోయాడు. ఆ కబురు నాకు పక్కింటివాళ్ళ ఫోనులో వచ్చింది. చింపడానికి కాగితం కూడా లేదు. ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాక ఆయన ఉద్యోగానికి బదులుగా నాకొక చిన్న ఉద్యోగం ఇచ్చారు. జనం ఇళ్ళలోంచి తెచ్చి ఇచ్చిన ఉత్తరాల కట్టలు విప్పాలి, దుమ్ము దులపాలి, ఒక్కోదానికి నంబరు వేయాలి, ఎవరు ఎవరికి రాశారో, ఏ సంగతో రిజిస్టరులో ఒక వరుస రాయాలి. పోయినవాడి జీతం తింటూ బతికున్నవాళ్ళ క్షేమసమాచారాలు రాసుకోవడం. నాకు మనుషుల మీద అప్పటికే విసుగు పుట్టి ఉంది కాబట్టి పని నచ్చింది. కాగితాలు ఓదార్చవు.

చేరిన ఏడాదే జువ్వలదిన్నె దగ్గరున్న ఒక పాళెం నుంచి ఒక సంచి వచ్చింది. ఆ పాళెంలో అందరూ చేపలు పట్టేవాళ్ళే, చదువు వచ్చినవాళ్ళు తక్కువ. బడిలో పాఠాలు చెప్పే అయ్యవారే ఊరందరికీ ఉత్తరాలు చదివిపెట్టి, జవాబులు రాసేవాడట. చదివించుకున్నవాళ్ళు చాలామంది ఉత్తరం ఆయన దగ్గరే వదిలేసి పోయేవారు. ఆయన వాటిని పారేయకుండా ఇనపతీగలకు గుచ్చి దూలానికి వేలాడదీశాడు. ఆయన పోయాక కోడలు ఆ తీగలన్నీ సంచిలో వేసి తెచ్చి మాకిచ్చింది. తుప్పు పట్టిన తీగలు, ప్రతి కాగితానికీ నడిమధ్య ఒక చిల్లు, ఎండుచేపల వాసన.

తీగ మీద నుంచి ఒక్కొక్కటే లాగుతుంటే మూలలు నల్లగా ఉన్న కార్డు చేతికొచ్చింది. కొంచెం ఆగి ఇంకొకటి. మొత్తం నాలుగు. చావు కార్డులను దాచిపెట్టుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, వినలేదు. ఈ అయ్యవారికి బుద్ధిగాని లేదా అనుకున్నాను. నాలుగూ వరుసగా చదివాను, ఎందుకంటే చదవకుండా చింపకూడదు. చదివి, వెనక వరండాలోకి తీసుకుపోయి, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి మురికి కాలవలో పడేశాను. నిజం చెప్పాలంటే ఆ వేళ నా చేతుల్లో ఆచారం కంటే కోపమే ఎక్కువ ఉంది. నాకు దొరకని కాగితం ఈ నలుగురికీ దొరికిందని కోపం. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ముసలి అటెండరు చూశాడు. ఆయన కూడా మా ఊళ్ళ వైపువాడే.

"మంచి పని చేసినావమ్మా. అట్టాంటివి ఆఫీసులో పెట్టుకుంటే మనకే అరిష్టం" అన్నాడు.

నంబర్లు వేయకముందే చింపాను కాబట్టి రిజిస్టరులో ఎక్కడా ఖాళీ కనబడదు. కట్ట చాలా శుభ్రంగా రాశానని మా ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా. రెండేళ్ళ తర్వాత మాకు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి, "చింకి బస్సు టికెట్టు అయినా సరే, పారేసే హక్కు మీకు లేదు" అన్నాడు. అప్పుడు నాకు ఆ నాలుగు కార్డులూ గుర్తొచ్చాయి. చుట్టూ చూశాను. అందరూ మిక్చరు తింటున్నారు. నేనూ తిన్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని కొంత, చెప్పి మాత్రం ఏం లాభమని కొంత. ఏళ్ళు గడిచాయి. మర్చిపోయానని కూడా అనుకున్నాను.

నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుందనగా ఆమె వచ్చింది. అరవై దాటినావిడ. చేపల గంప మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. గడప దగ్గరే ఆగి, చెప్పులు విప్పాలా వద్దా అని నా ముఖం చూసింది. రమ్మన్నాను.

"అమ్మా, మా అయ్యవారి ఉత్తరాలు మీ కాడ ఉండాయంట గదా. మా నాయన పోయినట్టు ఒక కార్డు వచ్చింది, మద్రాసు నించి. ఆయన ఆడ బోట్లలో పనికి పోయుండాడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ కార్డు గావాల" అంది.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వాళ్ళ ఇంటి వాకిట్లోకి సముద్రం వచ్చేస్తోంది. ఆ వరుసలో ఇళ్ళన్నిటికీ లోపలి పక్కన వేరే స్థలాలు ఇస్తామంటున్నారు, పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ఈమె ఇంటి పట్టా తండ్రి పేరున ఉంది. తల్లి పోయింది, తోడబుట్టినవాళ్ళు లేరు. తండ్రి చనిపోయినట్టు ఏ ఆఫీసులోనూ రాసి లేదు. ఆ రోజుల్లో పరాయి ఊళ్ళో పోయిన కూలివాడి పేరు ఎవరు రాయిస్తారు?

"ఆయనన్నా రావాల, ఆయన పోయినట్టు కాగితమన్నా రావాల అంటా ఉండారు. సీలు గుద్దిన నకలు తెస్తే పైకి పంపిస్తామన్నారు. మా అమ్మ ఆ కార్డు చించబోతే అయ్యవారు చించనీలేదమ్మా. 'మీ ఇంట్లో పెట్టుకోబాకండి, నా కాడ ఉండనీ, ఎప్పుడో ఒకనాడు పని బడతాది' అన్యాడంట. అయ్యవారింట్లో చావులు వేలాడతా ఉండాయని పాళెమంతా నవ్వేది ఆయన్ని చూసి" అంది.

ఊరు ఊరంతా చింపుకుంటూ పోతుంటే, నవ్వులపాలై, ఒక్క మనిషి దాచాడు. దాచడానికే జీతం తీసుకునే నేను చింపాను.

దరఖాస్తు నేనే రాసిచ్చాను, వేలిముద్ర వేసింది. వారం తర్వాత రమ్మన్నాను. లేదని తెలిసీ ఆ వారం రోజులూ వెతికాను. కట్టలన్నీ విప్పాను, బీరువాల వెనక చేయి పెట్టి చూశాను, వరండా వెనక మురికి కాలవ దాకా పోయి నిలబడ్డాను, సిగ్గులేకుండా. వారం తర్వాత ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు నా బల్ల మీద పెట్టింది. వద్దంటే ఒప్పుకోలేదు. ఇంకా వెతుకుతున్నాం, పై వారం రా అన్నాను. ఆ నెత్తళ్ళు వంకాయతో కలిపి వండుకున్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగాయి. నేనెలాంటిదాన్నో చెప్పాలంటే అది కూడా చెప్పాలి.

ముందే చెప్పేస్తాను, ఆ స్థలం ఆమెకు రాలేదు. కోర్టుకు పోయి తెచ్చుకోమన్నారు. కోర్టు ఆమెకు ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. ఆ వరుసలో వాళ్ళందరూ లోపలికి జరిగిపోయారు. ఆమె అక్కడే ఉండిపోయింది, సముద్రం ఎంతవరకు ఉండనిస్తే అంతవరకు.

మూడోసారి వచ్చిన రోజు జవాబు సిద్ధంగా ఉంది. "వెతికించడమైనది. సదరు ఉత్తరం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు." రాసింది నేను, సంతకం ఆఫీసరుది. దాని కాపీకి నంబరు వేసి ఫైల్లో పెట్టింది కూడా నేనే. ఆ అబద్ధం అక్కడ భద్రంగా ఉంటుంది, చెద కూడా పట్టనివ్వరు.

చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని, సీలు మీద వేలు పెట్టి తడిమి, "అయితే లేదన్నమాట" అని బయటికి నడిచింది. వరండా మెట్ల దాకా వెంట వెళ్ళాను. అక్కడ ఇంక ఆపుకోలేకపోయాను.

"అక్కా, ఆ కార్డు ఇక్కడికి వచ్చింది. నేనే చింపేశాను. నల్ల మూలలు చూసి చింపేశాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. చెంప మీద కొట్టినా నిలబడేదాన్ని.

"చించినావా" అంది. "నువ్వేం జేస్తావులేమ్మా. చావు కార్డు చూస్తా చూస్తా ఎవురు పెట్టుకుంటారు? నేనైనా చించేసుందును" అంది.

నా తప్పును తప్పనడానికి ఉన్న ఒక్క మనిషి కూడా నా పక్కనే చేరింది. ఇద్దరికీ ఒకేలాంటి అమ్మలు, ఒకేలాంటి గడపలు. ఇంక ఎవరిని అడగను, ఎవరితో తిట్టించుకోను?

"చదివినావు గదా, ఏం రాసుండాది దాంట్లో?" అని అడిగింది. "మా అమ్మ నాకెప్పుడూ చెప్పలా. అడిగితే వాత పెడతాననేది."

నాలుగు కార్డులు చదివాను. పేర్లు గుర్తు లేవు. ఊళ్ళు గుర్తు లేవు. ఇన్నేళ్ళలో నా తలలో మిగిలింది ఒకే ఒక్క ముక్క. అది ఏ కార్డులోదో కూడా చెప్పలేను. అయినా ఉత్త చేతులతో పంపలేక చెప్పాను. "మనిషి చెప్పులు నా దగ్గర ఉన్నాయి, మీవాళ్ళెవరన్నా వస్తే ఇస్తాను, అని చివర రాశారక్కా" అన్నాను.

ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత నా ముఖం చూసింది, జాలిగా.

"మా నాయన చెప్పులు తొడిగినోడు కాదమ్మా. తొడిగితే ఇసకలో కాలు పట్టు దొరకదనేవాడు."

"మద్రాసులో కొనుక్కున్నాడేమో" అన్నాను తొందర తొందరగా.

"ఏమో. కొన్న్యాడేమో" అంది నా కోసం. తల మాత్రం కాదన్నట్టే ఊగింది.

కార్డు చింపింది చాలక, వేరే ఎవరి చావునో తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. వాళ్ళ నాన్న కార్డులో ఏముందో ఇక ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. చదివిన అయ్యవారు లేడు, విన్న తల్లి లేదు, చదివి చింపిన నేను మర్చిపోయాను. క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ, ఆమె ముందే క్షమించేసింది కదా, అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆమె ఆ జవాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. మెట్లు దిగింది. నాలుగడుగులు పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగింది.

"ఎవురి చెప్పులో పాపం. వాళ్ళోళ్ళు పోయి తెచ్చుకున్న్యారో లేదో" అంది.