పప్పు ఉడకని ఇళ్ళు

నిన్న మా ఇంట్లో నీళ్ళ ఫిల్టరు బాగుచేయడానికి వచ్చినతను నీళ్ళలో ఉప్పెంతో చూసే పెన్నులాంటి పరికరమొకటి గ్లాసులో ముంచి, దాని మీద అంకె చూసి పెదవి విరిచాడు. నాకు నవ్వాగలేదు. ఆ పరీక్ష మా అత్తగారు పందొమ్మిది వందల అరవైల చివర్లోనే చేశారు, పరికరమన్నది లేకుండా, వీధిలో గడపగడపా ఎక్కి దిగి.

రేపల్లెలో కాపురానికొచ్చిన రెండో వేసవి. అక్కడ ఎంత తవ్వినా ఉప్పునీళ్ళే. తాగడానికి, వండడానికి చెరువు నుంచి ఇనప గొట్టంలో వచ్చే మంచినీళ్ళే గతి. ఆ గొట్టం దొరల కాలంలో పాతింది, తుప్పు తినేసింది. మా పెద్దవాడికప్పుడు రెండు నెలలు. నాకు పాలు చాలక డబ్బాపాలు పట్టేదాన్ని. ఓ పొద్దున తాగినవి తాగినట్టే కక్కేశాడు, ఆపైన విరేచనాలు. నీళ్ళు రుచి చూస్తే ఉప్పన. గొట్టానికి ఎక్కడో చిల్లుపడి భూమిలోని ఉప్పునీరు లోపలికి దిగుతోందట. మా వీధి కుళాయిలన్నీ కట్టేశారు. రోడ్డంతా తవ్వి వెతకాలి, పది రోజులు పడుతుందన్నారు మునిసిపాలిటీ ఓవర్సియరుగారు. పై వీధివాళ్ళు దయతలచి ఇచ్చిన బిందెడు నీళ్ళు రెండు రోజులకొస్తాయి. ఆ తర్వాత నా బిడ్డ గతేమిటి? డాక్టరుగారైతే, మంచినీళ్ళు లేకపోతే తన మందు పనిచేయదని మొహం మీదే చెప్పేశారు.

ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదని అక్కడి ఆడవాళ్ళందరికీ తెలుసు. మా అత్తగారు కొంగు బిగించి చెరువు వైపు చివర నుంచి బయల్దేరారు. "ఏమ్మా, పొద్దున పట్టిన కుళాయి నీళ్ళతో పప్పు ఉడికిందా?" ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. ఉడికిన ఇల్లు అయిపోయి ఉడకని ఇల్లు ఎక్కడ మొదలైతే చిల్లు అక్కడేనని ఆవిడ లెక్క. వెనకాలే గునపం పట్టుకుని కుళాయిల ఫిట్టరు, పీలగా ఉండే ముసలాయన. ప్లీడరుగారి భార్య, "మాకేంటండీ, వెన్నలా ఉడికింది" అంది. పక్కింట్లో ఉడకలేదు. సరేనని ఆ రెండిళ్ళ మధ్య తవ్వితే పొడిమట్టే వచ్చింది. అత్తగారు వెనక్కి వెళ్ళి, ఆ వంటింట్లోకి చొరబడి మూత తీశారు. పప్పు గింజకు గింజ విడివిడిగా ఉంది. వంట చేతకాదనుకుంటారని పాపం ఆవిడ భయం. ఆ గేటు ముందు రెండడుగులు తవ్వారో లేదో, బురద.

ఫిట్టరు గోతిలోకి దిగి గొట్టాన్ని గోటితో తట్టాడు. "అప్పడంలా ఉందండి. గట్టిగా బిగిస్తే పగులుద్ది, వదులైతే కారుద్ది." చిల్లు మీద సైకిలు ట్యూబు చుట్టి, పైన ఇనప పట్టీ తొడిగి, ఒక్కో బోల్టునీ వెంట్రుకవాసి తిప్పుతూ, తిప్పినప్పుడల్లా పగులు చప్పుడేమైనా వస్తుందేమోనని గొట్టానికి చెవి ఆనించి వినేవాడు. అలా మధ్యాహ్నమంతా. పిల్లాణ్ణి భుజాన వేసుకుని గోతి ఒడ్డునే నిలబడ్డాను. తర్వాత పెద్దపెద్ద ఆనకట్టలు చూశాను గాని, ఆ చేతుల్ని చూసినప్పుడు కలిగినంత భక్తి మళ్ళీ కలగలేదు.

సాయంత్రం నీళ్ళు వదిలారు. ముందు ఎర్రగా, తర్వాత తేటగా. నేను గిన్నె పట్టుకుని పరిగెత్తబోతే ఫిట్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. ముందు నన్ను తాగనీ."

దోసిలి పట్టి ఓ గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని ఉంచుకున్నాడు. వీధంతా ఆయన గొంతు వైపే చూస్తోంది. మింగాడు.

"బాబుకి పట్టమ్మా."

ఇన్నేళ్ళు ఎలా దొర్లిపోయాయో తెలియనే లేదు. ఆయన ఆ గుక్క మింగడానికి పట్టినంతసేపు మాత్రం నాకింకా గడుస్తూనే ఉంది.