నాలుగో మలుపుకు రెండో తడి

కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే టికెట్ కొని మరీ చూసేవాళ్లకు మతి ఉందా అని నేను విసుక్కునే రోజుల్లోనే ప్రేమ్‌వతి ఆంటీ నన్ను మేముండే హామిల్టన్ ఊరి అవతల ఉన్న ట్రాక్‌కి లాక్కెళ్లింది. స్టాక్‌కార్ పందెమట. గుద్దడం తప్పు కాదట, అదే ఆటట. నేను తెనాలి నుంచి ఈ దేశం వచ్చి అప్పటికి మూడు నెలలు. ఆంటీ వాళ్లు మా పక్కింటివాళ్లు, ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు.

"ఇంట్లో కూచుని ఏడుస్తావా, నాతో వచ్చి మట్టి తింటావా గిరిజా?" అంది. మట్టి తినడానికే వెళ్లాను.

ఆ మట్టి బాగోగులన్నీ ఆవిడ భర్త ధీరేంద్ర అంకుల్‌వి. ఫిజీలో చెరకు పండించిన మనిషి. ఇక్కడ ఇరవై రెండేళ్లు ట్రాక్‌కి నీళ్లు పట్టే ట్యాంకర్ ఆయనే నడిపారు. ఆ ట్రాక్ తారుది కాదు, బంకమట్టిది. నీళ్లు తక్కువైతే దుమ్ము లేచి ముందు కారు కనబడదు. ఎక్కువైతే గుంటలు పడి, చక్రం దిగబడి కారు పల్టీ కొడుతుంది. ఎంత పోయాలో ఆయన గుప్పెడు మట్టి పిసికి చెప్పేసేవారు. తేమ కొలిచే మీటర్ ఒకటి కొన్నారు కానీ దాన్ని ఎవరూ పెట్టెలోంచి తీయలేదు.

మేం కూర్చునేది నాలుగో మలుపు పైన, గడ్డి గట్టు మీద. ఆంటీకి ఉబ్బసం. అందుకని ట్రాక్ మొత్తానికి ఒక తడి పెడితే, నాలుగో మలుపుకు మాత్రం రెండు తడులు. ఎండాకాలం కాబట్టి ఇట్టే ఆరిపోయేది. ట్యాంకర్ అక్కడికి రాగానే నెమ్మదించేది. "చూడు, నా పొలానికి నీళ్లొచ్చినై" అని ఆంటీ ఆ వయసులో సిగ్గుపడేది. నేను ఊరుకుంటానా, ఇంటికి చేరేదాకా ఏడిపించేదాన్ని.

పోయిన జూన్‌లో ఆంటీ చనిపోయింది.

డెబ్భై ఒకటి వచ్చాయి, ఇక చాలు అని ట్రాక్ కమిటీవాళ్లు అప్పటికే అంకుల్‌తో అంటున్నారు. సీజన్ చివరి పందెం సాఫీగా జరిగితే ఇంకో ఏడాది, లేకపోతే ట్యాంకర్ తాళంచెవి ఇచ్చేయాలన్నారు. ట్యాంకర్ లేకపోతే ఆదివారాలు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. ఆ సంగతి గోడ ఇవతల నుంచి నాకు బాగా తెలుసు.

ఆ చివరి పందెం మార్చిలో, ఇక్కడి ఎండాకాలం అయిపోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం. పోసిన నీళ్లు ఆరే ఎండ లేదు, మబ్బు. నేను ఫ్లాస్కుతో గట్టెక్కి రెండు మడత కుర్చీలు వేశాను. రెండోది ఎందుకని నన్నడగకండి. ట్యాంకర్ నాలుగో మలుపు దగ్గర నెమ్మదించి, రెండో తడి కూడా పెట్టింది. ఈ సీజన్ అంతా అలాగే నెమ్మదిస్తూ వచ్చింది. చూసి కూడా నేను ఒక్క మాట అనలేదు. నాకూ ఆ తడి కావాలనిపించింది.

పందెం మూడో చుట్టులో ఒక కారు అక్కడే పల్టీ కొట్టింది. ఎర్ర లైట్లు వేసి ఆపారు. మళ్లీ మొదలుపెట్టగానే ఒకదాని మీద ఒకటి రెండు. ఒక చక్రం ఊడి కంచె దాకా దొర్లుకుంటూ వచ్చింది. మూడోసారి ఏకంగా నాలుగు కార్లు. డ్రైవర్లందరూ చేతులూపుకుంటూ బయటికొచ్చారు కాబట్టి సరిపోయింది. ముప్పావుగంటలో ఆరు చుట్లు కాలేదు. ట్రాక్ చూసి అవసరమైతే పందెం రద్దు చేస్తామని మైకులో చెప్పారు. నేను కంచె దగ్గరికి పరిగెత్తాను.

మేనేజర్ గుంటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "కింద పైపు పగిలినట్టుంది, అంతేనా ధీరేంద్రా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

అవునంటే చాలు, ఇంకో ఏడాది ట్యాంకర్ ఆయనదే. అనండి అంకుల్, అని నేను లోపలే మొక్కుకున్నాను. ఆయన గుప్పెడు మట్టి తీసి పిసికారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తలెత్తి గట్టు మీద కుర్చీలు చూశారు.

"పైపు కాదు. నేనే. రెండుసార్లు పోశాను."

"ఎందుకు?"

"నా భార్యకు దుమ్ము పడదు."

మేనేజర్ ఆంటీ అంత్యక్రియలకు వచ్చినవాడే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చెయ్యే కుళాయి తిప్పింది బేటీ," అన్నారు అంకుల్ నాతో తెలుగులో. "నేను తిప్పలేదు."

తర్వాత ఆయనే దగ్గరుండి బురద గీకించారు, పొడిమట్టి పోయించారు, రోలర్ తిప్పించారు. నలభై నిమిషాల్లో ట్రాక్ గట్టిపడింది. తాళంచెవి అడగక ముందే మేనేజర్ చేతిలో పెట్టేసి, నా వెంట గట్టెక్కారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ గట్టెక్కడం అదే మొదటిసారి.

"ఆమెది ఏ కుర్చీ?"

చూపించాను. కూర్చున్నారు. కార్లు నాలుగో మలుపు తిరగ్గానే ఎన్నడూ లేనంత దుమ్ము లేచి మా మీద పడింది.

"ఇక్కడికి నా ట్యాంకర్ కనబడేదా?" అని అడిగారు, దగ్గుతూనే.

"కనబడేది అంకుల్. ఆంటీ చూసిందల్లా దాన్నే. కార్లను చూసిందెప్పుడు?"

ఆయన కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నారు. పందెం అయిపోయేదాకా ఆ దుమ్ములోంచి లేవలేదు.