మగ్గం గంజితో చేసిన ఎర

గాలం వేసేవాళ్ల గుంపు ఒకటి నా ఫోన్‌లో ఉంది. కర్నూలు నుంచి కడప దాకా కాలువ గట్ల మీదా చెరువు కట్టల మీదా కూర్చునేవాళ్లు అందులో ఉన్నారు. పొద్దున లేస్తే ఫోటోలే. ఒకాయన సుంకేసుల దగ్గర పట్టిన జెల్లను రెండు చేతులతో ఎత్తి చూపిస్తాడు. ఇంకొకాయన కొత్తగా కొన్న రీలును పెళ్లిచూపుల ఫోటోలాగా నాలుగు వైపుల నుంచి తీసి పెడతాడు. కొర్రమీనుకు రబ్బరు కప్ప మేలా, బతికున్న కప్ప మేలా అని వారానికోసారి గొడవ జరుగుతుంది. ఉద్యోగం ముగిశాక నేనూ అందులో చేరాను. చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ముప్పై ఏళ్లు జిల్లా పేజీకి వార్తలు రాసినవాడికి రాయకుండా ఉండడం కూడా హాయిగానే ఉంటుంది.

మొన్న కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో బద్వేలు వైపు నుంచి ఒకాయన అడిగాడు.

"అన్నలారా, కాలువ పారకానికి పిండిముద్ద నిలబడడం లేదు. ఏసిన రెండు నిమిషాలకే కరిగిపోతాండాది. ఏం కలపాలప్పా?"

జవాబులు వరుసగా వచ్చాయి. మైదా కలపమని ఒకరు, కోడిగుడ్డు తెల్లసొన పోయమని ఒకరు. "జిగురు డబ్బా కలుపు. ముద్దతో పాటు నువ్వు కూడా అతుక్కుంటావు, ఇంటికి పోయే పని ఉండదు" అని మైదుకూరాయన ఒకడు రాశాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

నాకు అసలు జవాబు తెలుసు. సగం టైపు చేసి తుడిచేశాను. ఆ జవాబు ఒక నేతగాడిది. పదకొండేళ్ల కిందట దాన్ని పేపర్లో రాసి ఆ మనిషిని దూరం చేసుకున్నాను. ఆయన్ను అడగకుండా రెండోసారి రాయడానికి వేలు కదల్లేదు.

మైదుకూరులో విలేకరిగా ఉన్నప్పుడు మగ్గాల వీధి చివర అద్దెకు ఉండేవాణ్ణి. తెల్లవారేసరికి వీధి పొడవునా పడుగులు చాపేవాళ్లు. తెల్లటి నూలు పోగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీసి కట్టి, వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్లు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. పాలవాడు కూడా పడుగు పక్కన సైకిలు దిగి నడిచేవాడు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండే నేతగాడు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేకున్నా మామా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అనేవాడు.

ఆదివారం పొద్దున పడుగు చుట్టేసి మా వాకిట్లో నిలబడేవాడు.

"ఏమల్లుడా, ఈ పొద్దు పేపర్లో చచ్చినోళ్లు ఎంతమంది?"

"ఎవరూ లేరు మామా."

"అయితే నీకు పనిలేదు. పోదాం పా."

ఆయన చేతిలో చిన్న సత్తు గిన్నె ఉండేది. అందులో గంజి అడుగు. పడుగుకు పట్టించగా కుండ అడుగున మిగిలిన చిక్కటి ముద్ద అది. జొన్నపిండితో కాచిన గంజి, రాత్రంతా నిలవుండి కాస్త పులిసేది. అందులో వేరుశనగ చెక్క పొడి వేసి పిసికేవాడు. చివర్లో చొక్కా జేబులోంచి నూలు తుక్కు తీసి, పోగులు విడదీసి, ముద్దలో కలిపేవాడు. కిటుకంతా అక్కడే ఉంది. గంజి పట్టి ఉంచుతుంది, నూలు పోగు విడిపోనివ్వదు. ఎంత వడిగా పారే నీళ్లలో వేసినా ఆ ముద్ద గాలాన్ని వదిలేది కాదు. చేప కొరకాల్సిందే.

గాలానికి దారం కట్టడం కూడా మగ్గం పనిలాగే ఉండేది. కొత్త పడుగును పాత పడుగుకు అతికేటప్పుడు నేతగాళ్లు వేలికి బూడిద అద్దుకుని పోగులు మెలిపెడతారు. ఆయన నైలాన్ దారానికీ అదే చేసేవాడు. జారే దారం బూడిద వేలికి లొంగేది. ఆయన వేసిన ముడి ఊడగా నేను చూడలేదు. నా ముడి చూస్తే మాత్రం, "ఇది ముడి కాదల్లుడా, సంపాదకీయం. పొడుగ్గా ఉండాది, పట్టు లేదు" అనేవాడు.

మేము పోయేది కుందూ ఏటి మడుగుకు. ఏరు వంపు తిరిగే చోట నల్లరేగడి ఒడ్డు కోసుకుపోయి, ఎండాకాలంలో కూడా నిలువు లోతు నీళ్లుండేవి. వెదురు కర్రలు, జీలుగు బెండు, చిన్న సీసం ముక్క, అంతే మా సరంజామా. బెండు మునగ్గానే నేను లాగేసేవాణ్ణి. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపేవాడు.

"మునిగినప్పుడు లాగితే ఒట్టి గాలం ముల్లే వస్తాది. అది రుచి చూస్తాండాది, అంతే. బెండు పక్కకు నడిచినప్పుడు లాగు. నోట్లో పెట్టుకోనిది నడవదు."

శీలావతి మెల్లగా నడిపిస్తుందని, బొచ్చె ఒక్కసారిగా ఈడుస్తుందని, జెల్ల బెండును అల్లరి పెట్టి ఏమార్చుతుందని ఆ ఒడ్డున కూర్చునే తెలుసుకున్నాను. ఏమీ పడని రోజులు కూడా చాలా ఉన్నాయి. సద్ది మూట విప్పుకుని, ఎండుమిరపకాయ ఊరుబిండితో జొన్నరొట్టె తిని, ఖాళీ సంచితో వచ్చేవాళ్లం. మామ పెళ్లాం, నాకు వరసకు అత్త, సంచి చూసి "చేపలకు సెలవా ఈ పొద్దు?" అనేది.

ఆ ఒడ్డున కూర్చునే నలుగురైదుగురికి ఒక కట్టుబాటు ఉండేది. పక్కవాడి ఎర అయిపోతే అడక్కుండానే నీ ముద్దలో సగం విరిచి పెట్టాలి. ఏం కలిపావని అడిగితే దాచకుండా చెప్పాలి. చేపలు పడే తావు మాత్రం ఎవరినీ అడగకూడదు. తీసుకుపోయినవాడితో పోవాలి, తీసుకుపోయినవాడితోనే మళ్లీ పోవాలి. గాలం కర్ర పట్టుకుని బయలుదేరిన మనిషిని ఇంట్లోవాళ్లు కూడా యాడికని అడిగేవాళ్లు కాదు. అడిగితే శకునం చెడుతుందని నమ్మకం. అత్త కుండలో గంజి అడుగు ఉందో లేదో చూసి మనిషి ఎక్కడికి పోయాడో తెలుసుకునేది.

నేను నేర్చిన విద్య దీనికి సరిగ్గా ఎదురు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి లేని వార్తను డెస్కు వాళ్లు వెనక్కి పంపేవాళ్లు. ఒక ఎండాకాలం వార్తలు కరువై, ఆదివారం పేజీకి ఏదైనా సరదాగా రాయమన్నారు. మామ గంజి ఎర గురించి రాశాను. పేరు వేయలేదు. ముద్ద కలిపే తీరు, బూడిద వేలు, బెండు నడక అన్నీ ఇష్టంగా రాశాను. చివర్లో అలవాటు ప్రకారం ఎక్కడన్నది కూడా రాశాను. ఏ వంతెన దగ్గర దిగాలి, ఎన్ని పొలాలు దాటాలి, ఏ రెండు తాటిచెట్ల కింద మడుగు ఉంది, అన్నీ. ఆయన్ను గొప్ప చేస్తున్నాననే అనుకున్నాను.

మరుసటి ఆదివారం మేము వెళ్లేసరికి ఒడ్డున పది మోటారుసైకిళ్లు ఉన్నాయి. ఆ పై వారం వల వేశారు. నెల తిరక్కముందే ఎవరో రాళ్లు పేల్చే తోటా తెచ్చి మడుగులో వేశారు. మేము పోయి చూసేసరికి వేలెడంత పిల్లచేపలతో సహా అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. పెద్దవి ఏరుకుపోయారు. మామ చాలాసేపు ఒడ్డున నిలబడ్డాడు. గిన్నెలో తెచ్చిన ముద్దను తుంచి తుంచి నీళ్లలో వేశాడు. దాన్ని తినడానికి ఏదీ పైకి రాలేదు.

దారిలో ఒక్కటే మాటన్నాడు. "బాగా రాసినారు సారూ. దావ కూడా ఎవరూ తప్పిపోకుండా రాసినారు."

ఆ రోజు నుంచి నేను ఆయనకు సారునే. తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు. వీధిలో కనిపిస్తే బాగుండారా సారూ అనేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు. ఆదివారం మాత్రం మా వాకిట్లోకి రాలేదు. నేను కూడా తప్పయిందని చెప్పలేదు. తోటా వేసింది నేను కాదు కదా అని లోపల వాదించుకుంటూ ఉండిపోయాను. తరువాత కర్నూలుకు బదిలీ అయింది. అక్కడ తుంగభద్ర ఒడ్డున ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. మంచి రాడ్డు, రీలు కొన్నాను. చేపలు పడేవి. నా ముడి చూసి వెక్కిరించేవాళ్లు లేరు.

ఇప్పుడు మళ్లీ మైదుకూరులోనే ఉంటున్నాను. గుంపులో ఆ ప్రశ్న వచ్చిన మరునాడు మగ్గాల వీధికి వెళ్లాను. వీధిలో పడుగులు లేవు, కార్లు నిలిపి ఉన్నాయి. గంజి పట్టించిన పడుగు బయటినుంచే వస్తోందట, నేసే ఇళ్లు కూడా నాలుగైదే. మామ మగ్గం గుంటలో కాళ్లు వేసుకుని గట్టున కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద బట్ట లేదు.

"రాండి సారూ" అన్నాడు.

అత్త నీళ్లు తెచ్చింది. "కూర్చో నాయనా. ఆయన నేసేది మానేసి రెండేండ్లు. కూర్చునే తావు మాత్రం మార్చుకోలేదు."

"యాడ కూర్చోమంటావు మే? కాళ్లకు ఇదే అలవాటు" అన్నాడు మామ.

నేను ఫోన్ తీసి గుంపులో వచ్చిన ప్రశ్న చదివి వినిపించాను. జిగురు డబ్బా మాటకు అత్త నవ్వింది. మామ నవ్వలేదు.

"నీ ఎర చెప్పొచ్చా మామా?" అని అడిగాను.

"ఎరకు నన్నడిగేది ఏముండాది సారూ? అడిగినోనికి సగం విరిచి పెట్టాల. అప్పుడు మీరు ఎర రాసింది కూడా తప్పు కాదు."

"తెలుసు. దారి రాసింది తప్పు. ఆ తప్పు నాదే మామా. అప్పుడే చెప్పాల్సింది."

పదకొండేళ్లు మోసిన మాట ఇంత చిన్నదా అనిపించింది. ఆయన మగ్గం మీది దుమ్ములో వేలితో గీత గీశాడు, ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. నేను లేవబోతుంటే అత్తను పిలిచాడు.

"జొన్నపిండి ఉండాదా?"

"ఉండాది. రొట్టె చెయ్యాలనా?"

"గంజి కాయి. చిక్కగా. పొద్దున్నే కావాల." నా వైపు తిరిగి, "మీకు స్కూటరు ఉండాదా సారూ?" అన్నాడు.

మరునాడు బయలుదేరేముందు నా జేబు వైపు వేలు చూపించాడు. "అది మనం యాడుండామో దానంతట అదే చెప్తాదంట కదా. ఈడనే పెట్టండి." ఫోన్‌ను అత్త తీసుకుని, బట్ట చుట్టే మగ్గం దిండు మీద పెట్టింది. యాడికని అడగలేదు. "మసాలా నూరాలనా వద్దా, అది చెప్పిపోండి" అంది.

"నూరే ఉంచు. పడకపోతే వంకాయకు వేస్తువు" అన్నాడు మామ.

వెనక కూర్చుని ఎడమకు, కుడికి అని మాత్రం చెప్పాడు. స్కూటరు ఆపాక చాలా దూరం నడిచాం. నీళ్లు కనపడ్డాయి. పాత మడుగు కంటే పెద్ద తావు. ఒడ్డున ఆయన కూర్చుని కూర్చుని నునుపైన రాయి ఉంది. ఇన్నేళ్లూ ఇక్కడికి ఒక్కడే వచ్చేవాడన్నమాట.

ఆయనకు దారం ఎక్కించే గాలం చెవి కనపడడం లేదు. పొట్లం విప్పి బూడిద నా ముందు పెట్టాడు. నేను వేలికి అద్దుకుని ముడి వేశాను. గోటితో తడిమి చూశాడు. బాగుందనలేదు, బాగలేదని కూడా అనలేదు. ముద్దలో సగం విరిచి నా చేతిలో పెట్టాడు. పులిసిన జొన్న వాసన, చెక్క నూనె వాసన. వేళ్ల మధ్య నూలు పోగులు తగిలాయి.

ఎండ వీపు మీదికి వచ్చిన తరువాత నా బెండు వణికింది. మునిగింది. చెయ్యి దానంతట అదే కర్ర మీదికి పోయింది.

"ఒరే అల్లుడా, ఇప్పుడు కాదు! నడవనీ... నడవనీరా... ఆఁ, ఇప్పుడు!"

లాగాను. కర్ర వంగింది. శీలావతి ఒడ్డుకు వచ్చేదాకా ఇద్దరం అరుస్తూనే ఉన్నాం. దాన్ని సంచిలో వేశాక మామ మళ్లీ నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి, "ముడి నిలబడిందే!" అన్నాడు. నేను అవునన్నాను. నోరు జారిన పిలుపును ఆయన వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం వాళ్లింట్లో చేపల పులుసు తిని, మగ్గం మీది ఫోన్ తీసుకుని, గుంపులో జవాబు రాశాను. జొన్నపిండి గంజి ఎంత చిక్కగా కాయాలి, ఎన్ని గంటలు పులియాలి, చెక్క ఎంత, నూలు ఎంత సన్నగా విడదీయాలి, బూడిద దేనికి, అన్నీ. మా పాత వీధి నేతగాడి ఎర అని మొదటే చెప్పాను. ప్రశ్న అడిగిన బద్వేలు ఆయన వారం తరువాత రెండు బొచ్చెల ఫోటో పెట్టి దండాలు పంపాడు. ఇంకొకాయన అడిగాడు: "అన్నా, మీరు యాడ పట్టినారు? లొకేషన్ పెట్టండి."

పెట్టలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు. ఈ వార్తను డెస్కు వాళ్లు వెనక్కి పంపాల్సిందే.

ఆ తరువాతి ఆదివారం పొద్దున మా గేటు చప్పుడైంది. మామ సత్తు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమల్లుడా, చచ్చినోళ్లను లెక్కబెట్టే పని పోయింది కదా, ఇంకా పడుకోనుండావా?" అన్నాడు. నేను స్కూటరు తాళం, బూడిద పొట్లం తీసుకుని ఫోన్‌ను బల్ల మీద వదిలేశాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసి గిన్నె వైపు చూసింది. ఏమీ అడగకుండా మసాలాకు ధనియాలు వేయించడం మొదలుపెట్టింది.