జొమ్సున్ టైమ్ అడిగింది

జొమ్సున్‌కి ఇంగ్లీషు పిచ్చి పట్టిందని కొరియా సముద్రపొడ్డున మా ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. పట్టిందనే అనాలి. ట్రాక్టరు నడుపుతూ, ఆల్చిప్పలు కడుగుతూ, ఆఖరికి మొగుడి సమాధి మీద గడ్డి పీకుతూ కూడా "వాట్ టైమ్ ఈజ్ ఇట్" అని గొణుక్కునేది. మంగళవారం మంగళవారం సహకార సంఘం మేడ మీదికి బాన్ టీచరమ్మ వచ్చి పాఠం చెప్పేది. పట్నంలో ఉండే తెల్లవాళ్ళు కూడా, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే మా బురదలో ఆల్చిప్పలు ఏరడానికి ఎగబడుతుంటే సంఘం వాళ్ళు పెట్టించిన క్లాసు అది. మొదట్లో గది నిండా ఆడవాళ్ళే. నాట్లు మొదలయ్యేసరికి మిగిలింది నలుగురైదుగురు, అందులో నోరు తెరిచేది జొమ్సున్ ఒక్కతే.

టీచరమ్మ ముందుగా నేర్పింది టైమ్ అడగడం. ఇప్పుడు ఎంతయింది, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి తిరిగొస్తారు. "ముందు ఎక్స్‌క్యూజ్ మీ అనాలి. మణికట్టు వైపు వేలు చూపించి అడగకూడదు. జవాబు రాగానే వెరీ గుడ్ అనండి, మాట కలుస్తుంది" అని చెప్పేది. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, అడిగినవాళ్ళు వెరీ గుడ్ అనాలి. చిన్నప్పుడు తమ్ముళ్ళని మొయ్యడానికి బడి మానేసిన మనిషికి ఆ రెండు ముక్కలు ఎంత తియ్యగా ఉండేవో వేరే చెప్పాలా. అరవై దాటాక ఒకళ్ళు తనని మెచ్చుకోవడం ఆమెకి అదే మొదలు.

కొండల్లోని పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో జొమ్సున్‌కి బురదంటే వణుకు. అత్తగారు బొరిగె చేతికిచ్చి, "మోకాలి దాకా దిగబడితే ఏం కాదు, నడుం దాకా దిగబడితే అప్పుడు ఏడుద్దువు గానీ" అని తోసింది. పోటు నీరు ఎదురుగా రాదని, వెనక పాయల్లోకి చప్పుడు లేకుండా చేరి దారి కోసేస్తుందని ఆ అత్తగారే నేర్పింది. మొగుడు కాలేయం చెడి చనిపోయాక, ఆడవాళ్ళని బురదలోకి మోసే అతని ట్రాక్టరు ఎక్కి కూర్చుంది. "జొమ్సున్ స్టీరింగు పట్టిందంటే ఆల్చిప్పలే పక్కకి తప్పుకుంటాయి" అని మగాళ్ళు నవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళ పెళ్ళాలే ఆ బండి తప్ప వేరేది ఎక్కమని మొండికేశారు.

ఒక రోజు మధ్యాహ్నం ఒక తెల్లాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లకి ఏడెనిమిదేళ్ళుంటాయి, ఎర్ర టోపీ, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. అద్దె బూట్లు ఇచ్చేచోట ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నోళ్ళు కుట్టేసుకున్నారు.

పక్కింటి బొంగ్నే జొమ్సున్‌ని మోచేత్తో పొడిచింది. "మాట్లాడవే. చదువుకున్నదానివి నువ్వే కదా."

"నీకూ ఫీజు కట్టారుగా, నువ్వే మాట్లాడు."

"నాకు క్లాసులో నిద్ర వస్తే నా తప్పా?"

జొమ్సున్ గొంతు సవరించుకుంది. చేతులు నడుం దగ్గర కట్టుకుని వంగి, "ఎక్స్‌క్యూజ్ మీ. వాట్ టైమ్ విల్ యూ కమ్ బ్యాక్?" అని అడిగింది. ఒక్క ముక్క తడబడలేదు. తెల్లాయన మొహం వెలిగింది. గడియారం చూసుకుని, కూతురితో ఏదో అనుకుని, "ఫైవ్ ఓక్లాక్?" అన్నాడు. ఆ మాట ఆమెకి అర్థమైంది. జీవితంలో మొదటిసారి ఒక తెల్లమనిషి మాట చెవిలోంచి నేరుగా బుర్రలోకి దిగింది. "వెరీ గుడ్" అంది రెండు బొటనవేళ్ళూ ఎత్తి. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఆ రోజు మూడింటికల్లా పోటు నీరు బురదని కమ్మడం మొదలవుతుంది. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మరి ఐదంటే జొమ్సున్ ఎందుకు ఉలిక్కిపడలేదని మీరు అడగొచ్చు. ఈ ఊళ్ళో ఎవరూ గడియారం చూసి బురదలోంచి ఒడ్డుకి రారు. ట్రాక్టరు హారను మోగితే వస్తారు. వచ్చినవాళ్ళని ఎప్పుడు వెళ్తారని అడగడం ఒట్టి మర్యాద, వాళ్ళు ఏదో ఒకటి చెప్పడం వాళ్ళ మర్యాద. ఐదన్నది ఆమెకి సరైన జవాబుగా వినిపించింది గానీ, వేళగా వినిపించలేదు.

మూడవుతుండగా జొమ్సున్ హారను కొట్టింది. ఆడవాళ్ళు బుట్టలు ఈడ్చుకుంటూ వచ్చి ట్రక్కులోకి ఎక్కుతున్నారు. అంతలో సముద్రం మీద నుంచి పొగమంచు కమ్ముకొచ్చింది. చూస్తుండగానే దూరాన దారి గుర్తుకి పాతిన తెల్లజెండాల గుంజలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

"ఎర్ర టోపీ ఏదే?" అంది జొమ్సున్.

"ఆ ఇసక మేట దాటి పోయారు. హారను వినే ఉంటారు, వస్తార్లే" అంది బొంగ్నే.

జొమ్సున్ ఇంకోసారి హారను కొట్టబోయి ఆగింది. విన్నా రారు. హారను మనకోసం కాదు, మనకి ఐదుదాకా ఉంది అనుకుంటారు. అలా అనుకొమ్మని చెప్పింది తనే, బొటనవేళ్ళు ఎత్తి మరీ చెప్పింది.

రెండో ట్రాక్టరు మీద ఊరిపెద్ద తేసిక్ ఉన్నాడు. "వీళ్ళందర్నీ నీ బండిలో ఎక్కించుకో. నేను వెనక్కి వెళ్తున్నా" అంది జొమ్సున్ అతనితో.

"వదినా, పిచ్చా నీకు? కోస్ట్‌గార్డుకి ఫోన్ చేస్తా. ఈ మంచులో నువ్వెళ్తే వెతకాల్సింది ముగ్గుర్ని."

"పడవ వచ్చేసరికి పాయ నిండుతుంది తేసిక్."

"వాళ్ళకోసం నువ్వు చస్తావా?"

జొమ్సున్ ట్రక్కు ఖాళీ అవుతూనే ట్రాక్టరు తిప్పేసింది.

పాయ ఒడ్డున బండి ఆపి, లైట్లు వేసి, ఇంజను ఆడనిచ్చి దిగింది. పాయలో నీళ్ళు అప్పటికే పిక్కల దాకా ఉన్నాయి. దాటి అవతల పదడుగులు వేసేసరికి వెనక లైట్లు మసకబారాయి, ఎదురుగా ఏమీ లేదు. ఎటు చూసినా తెల్లగోడే. కొరియా భాషలో అరిచింది. తన గొంతు తనకే వింతగా తోచింది. వాళ్ళకి అది ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టే ఉంటుంది. రండి అనడానికి, పోటు అనడానికి, ప్రాణం అనడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. ఉన్నదల్లా ఒక్కటే.

"ఎక్స్‌క్యూజ్ మీ. వాట్ టైమ్ ఈజ్ ఇట్?" అని గొంతు చించుకుంది.

ఏమీ లేదు. మళ్ళీ అరిచింది. మూడోసారి ఎడమ చేతివైపు నుంచి సన్నగా పిల్ల గొంతు వచ్చింది. "త్రీ ట్వెంటీ!"

జొమ్సున్ ఎడమకి తిరిగి నడిచింది. పిల్లలు అంతే, అడిగితే చెప్పకుండా ఉండలేరు. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పింది పిల్ల. ఈసారి తండ్రి గొంతు కూడా కలిసింది, అందులో భయం ఉంది. మంచులో ఒక్కో జవాబూ దగ్గరవుతోంది, ఒక్కో జవాబుకీ వేళ మించిపోతోంది. ఎడమ బూటు బురద లాగేసుకుంది. వదిలేసి నడిచింది. అడగడం ఆపితే వాళ్ళు చెప్పడం ఆపుతారు, అప్పుడిక దారి లేదు, అందుకని ఊపిరి అందకపోయినా అడుగుతూనే ఉంది.

ఎర్ర టోపీ కనిపించింది. తండ్రి కూతుర్ని ఎత్తుకుని నిలబడ్డాడు, మోకాళ్ళ దాకా నీళ్ళు. ఒడ్డనుకుని సముద్రం వైపు నడిచినట్టున్నాడు పాపం. జొమ్సున్ మాట్లాడకుండా తలగుడ్డ విప్పి పిల్లని వీపుకి కట్టుకుంది, అతని చొక్కా పట్టుకుని లాగింది. ఇంజను చప్పుడే గురుతుగా పాయ చేరేసరికి నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. మధ్యలో ఒకసారి ఆమె కాలు నేలకి అందలేదు. అప్పుడు అతను ఆమె రెక్క పట్టుకున్నాడు. అలా ఒకర్నొకరు ఈడ్చుకుంటూ అవతలికి వచ్చి పడ్డారు.

ట్రాక్టరు మీద ఊరి ఒడ్డుకి చేరాక, ఆడవాళ్ళు పిల్లకి దుప్పటి చుట్టి, ఆల్చిప్పల నూడుల్స్ పులుసు తాగించారు. పిల్ల జొమ్సున్ ఒళ్ళోంచి దిగలేదు. తేసిక్ తెల్లాయన మీద కేకలేస్తున్నాడు. "హారను చెవిన పడలేదా? పసిదాన్ని చంపుకుందామనుకున్నావా?" మాట అర్థం కాకపోయినా అతను తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు. మధ్యమధ్య జొమ్సున్ వైపు తిరిగి వంగి వంగి దండం పెడుతున్నాడు. ఆ దండాలు ఆమెకి చెంపదెబ్బల్లా తగిలాయి.

"అతన్ని అనకు. నేనే అడిగాను, ఎన్నింటికి వస్తావని. ఐదన్నాడు. మంచిదన్నాను" అంది.

తేసిక్ ఆమె దగ్గరికి వంగాడు. గొంతు తగ్గించి, "అడగడమేంటి వదినా? సముద్రం వేళ మనం చెప్పాలి గానీ. సరే, ఇప్పుడది ఎవరికీ తెలీదు. నీ దయవల్లే బతికామనుకుంటున్నాడు, అనుకోనీ. సంఘం పేరు కూడా చూడు" అన్నాడు.

జొమ్సున్ తడి చేత్తోనే ఫోన్ తీసి బాన్ టీచరమ్మకి చేసింది. జరిగింది చెప్పి, "అతనికి ఇంగ్లీషులో చెప్పు, నేనన్నదంతా" అంది.

"అమ్మా, ఆయన పోలీసుల దాకా వెళ్ళొచ్చు. ఆలోచించుకున్నారా?"

"చెప్పమ్మా."

తెల్లాయన ఫోన్ చెవిన పెట్టుకుని విన్నాడు. వింటూ వింటూ జొమ్సున్ వైపు చూశాడు. మొహంలో రంగు పోయింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టి, వంగి ఆమె ఒళ్ళోంచి కూతుర్ని లాగేసుకున్నాడు. దుప్పటితో సహా ఎత్తుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆమె ఆపలేదు, వెనక వెళ్ళలేదు.

ఫోన్‌లో టీచరమ్మ ఇంకా ఉంది. "ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదు. నేనైనా అంతే చేద్దును." కారు రోడ్డెక్కేదాకా జొమ్సున్ చూసింది. ఏడుస్తోందని బొంగ్నేకి తెలిసింది గానీ గొంతులో మాత్రం వణుకు లేదు. "టీచరమ్మా, మంగళవారం దాకా ఆగలేను. మూడింటికల్లా వచ్చెయ్యాలి, రాకపోతే చచ్చిపోతారు అని ఎలా అనాలో ఇప్పుడే చెప్పు."

టీచరమ్మ చెప్పింది. జొమ్సున్ తప్పు పలికింది, మళ్ళీ పలికింది. తేసిక్ వచ్చి పక్కన నిలబడి, ఎవరివైపూ చూడకుండా, తనూ పలకడం మొదలుపెట్టాడు.