హౌజెల్ అనే మాట, మరియమ్మకు ఆపిన బల్ల

మీ దేవుడి ముందు మీరు పలికే మాటలు ఎవరింట పుట్టాయో ఎప్పుడైనా అడిగారా? మొన్న బందరు దగ్గర గిలకలదిండి రేవులో కొత్త బోటుకు పూసిన పచ్చి పసుపు వాసన తగలగానే దేవసహాయం మాస్టారు గుర్తొచ్చి, నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

ఆయన బందరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. తొంభైల చివర్లో ఇంగ్లీషు నేర్చుకుందామని వెళ్లేవాణ్ణి గానీ, దేవుడి మీద వాదించిందే ఎక్కువ. ఆయన ఆదివారం చర్చి మానరు, నేను ఏ దేవుడికీ దండం పెట్టను. ఒక సాయంత్రం హౌజెల్ అనే మాట చెప్పారు. ప్రభువు బల్లలో, అంటే క్రీస్తు చివరి విందు గుర్తుగా చర్చిలో అందరికీ పంచేటప్పుడు, ఇచ్చే రొట్టెకు ఒకప్పటి ఇంగ్లీషు పేరట, ఇప్పుడెవరూ వాడరు. క్రీస్తు పేరు ఆ దేశాలకు చేరకముందు అదే మాట పాత దేవతలకిచ్చే బలికి చెల్లేదట. నాకు పట్టరాని సంతోషం వేసింది. మీ బల్ల కూడా అరువు సరుకేనన్నమాట అన్నాను.

"మీ తాత మంచం మీద నువ్వు పడుకోవట్లేదట్రా? నులక మార్చుకున్నారు, అంతే," అని నవ్వారు.

ఆ నెలలోనే మరియమ్మ గొడవ వచ్చింది. ఆమె చేపలమ్ముకునే మనిషి, మాస్టారి చర్చిలో సభ్యురాలు. పుట్టింటివారు హిందువులు. కొత్త బోటు నీళ్లలోకి దిగేటప్పుడు ఇంటి ఆడపడుచు దానికి పసుపు పూయడం వాళ్ల ఆనవాయితీ. తమ్ముడు పిలిచాడు, ఆమె వెళ్లి పూసింది. అది విగ్రహారాధనేనని సంఘ పెద్దలు ఆమెకు బల్ల ఆపేశారు. అందరూ ఒకరినొకరు ఎరిగిన చర్చిలో అంతకు మించిన వెలి లేదు.

ఆ ఆదివారం పెద్దల్ని అడుగుతానని మాస్టారు అంటే, వాదన చూద్దామని నేనూ వెళ్లాను. రొట్టె పళ్లెం కదలబోతుండగా మాస్టారు లేచి హౌజెల్ కథంతా చెప్పారు. ఇంగ్లీషోళ్ల సంగతి మనకెందుకండీ అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"మనకి బైబిలు తెచ్చింది వాళ్లేగా బావగారూ. బలి మాట నోట్లో పెట్టుకుని బల్ల తీసుకుంటే వాళ్లకి అంటని మైల, తమ్ముడు సముద్రం మీంచి క్షేమంగా రావాలని పసుపు పూస్తే ఈమెకి అంటిందా?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆయన మాత్రం గెలిచినవాడిలా నిలబడలేదు. ఆడవాళ్ల వైపు మగవాళ్లెవరూ కూర్చోని ఆ చర్చిలో, నేరుగా చివరి బెంచీకి నడిచి మరియమ్మ పక్కన కూర్చున్నారు.

"నా మూలంగా మీకెందుకండీ మాస్టారూ," అందామె.

"ఈమెకి పెట్టాకే నాకు," అన్నారాయన పాస్టరు గారితో.

ఆ రోజు పళ్లెం ఇద్దరినీ దాటిపోయింది. తర్వాతి నెలల్లో ఆ బెంచీ మీదకి ఒక్కొక్కరే వచ్చి చేరారు. చివరికి పాస్టరు గారే పళ్లెం పట్టుకుని అక్కడిదాకా నడిచొచ్చారు. మొదటి ముక్క మరియమ్మకే.

నేనిప్పటికీ దేవుణ్ణి నమ్మను. కానీ వాదం గెలిచి ఇంటికెళ్లిపోవడం ఆ రోజుతో మానేశాను. మీ చర్చిలో, మీ గుళ్లో, మీ పెళ్లి బంతిలో వెలిపడి కూర్చున్న మనిషెవరో మీకు తెలుసు. లేవండి. వెళ్లి ఆ పక్కన కూర్చోండి.