తెలుగు రాదనుకున్నాను

2022. చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మాది బాపట్ల. నాతో డ్యూటీ చేసే సునీతది ఒంగోలు. పేషెంట్లు వినకూడని మాటలన్నీ మేమిద్దరం తెలుగులో అనుకునేవాళ్లం. అదో గొప్ప తెలివి అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం తొండియార్‌పేట నుంచి యాభై దాటిన మనిషి ఒంటరిగా వచ్చాడు. కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కడుపునొప్పి అని తమిళంలో చెప్పాడు. గుచ్చి గుచ్చి అడిగినా అదే మాట. ఎక్స్-రే తీస్తే మలద్వారం లోపల, బాగా పైన, చిన్న గాజు సీసా కనబడింది. ఇలాంటి కేసులు మాకు కొత్తకాదు. గాజును మంచం దగ్గరే లాగబోతే పగిలే ప్రమాదం ఉంది. థియేటర్లో మత్తిచ్చి, కండరాలు వదులయ్యాక కింది నుంచే తీస్తారు. చాలామందికి పొట్ట కోయాల్సిన పనే ఉండదు. సర్జన్ గంటలో వస్తానన్నారు.

నేను ఫిల్మ్ పైకెత్తి చూస్తూ, ఆయన మంచం పక్కనే నిలబడి, "చూడవే, ఈ వయసులో ఈయనగారి సరదా!" అన్నాను సునీతతో. ఇద్దరం నవ్వుకున్నాం.

పది నిమిషాల తర్వాత చూస్తే మంచం ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మూడో రోజు భార్య ఆటోలో తీసుకొచ్చింది. పొట్ట చెక్కలా బిగిసిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. పర్ఫరేషన్, అంటే పేగుకు చిల్లు పడింది. ఆపరేషన్‌కు ముందు సెలైన్ పెడుతూ, ఉండబట్టలేక తమిళంలో అడిగాను, ఆ రోజు ఎందుకు వెళ్లిపోయారని. ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

"మాదీ తెలుగేమ్మా. తాతల కాలం నుంచి ఈడనే ఉండాము. ఆ పొద్దు మన మాట చెవిన పడేసరికి ప్రాణం లేచొచ్చె. నీకొక్కదానికి నిజం చెప్పేద్దామనుకుంటి. అంతలో నువ్వు నవ్వితివి."

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయింది, క్షమించండి" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

ఆపరేషన్‌లో సీసా తీశారు. కానీ ఇన్ఫెక్షన్ అప్పటికే రక్తంలోకి పాకింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఐసీయూలో పోయాడు.

ఇలాంటి కేసుల్లో ముందు మంచం చుట్టూ తెర లాగాలి, తర్వాత నోరు అదుపులో పెట్టుకోవాలి, ఆ తర్వాతే వైద్యం. కొత్తగా చేరిన నర్సులకు ఈ కేసు చెప్పే నేర్పుతాను. "అలా నవ్విందెవరు మేడమ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"నేనే" అంటాను.