ఈశాన్యంలో మామిడిచెట్టు

మధ్యాహ్నం అన్నాలయ్యాక వంటింటి పక్క ఆరుబయట నవారు మంచం మీద వాలితే నాకు పూర్తి నిద్రా రాదు, పూర్తి మెలకువా ఉండదు. నా రోజులో మంచి భాగమంతా ఆ మగతలోనే గడుస్తుంది. పైన చిన్నరసం మామిడిచెట్టు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు నా చీర మీద అటూ ఇటూ జరుగుతుంటాయి. ఎక్కడో కోయిల ఆగి ఆగి కూస్తుంది. ఎండుటాకుల మీద మెల్లగా ఏదో నడిచిన చప్పుడవుతుంది. కళ్ళు తెరవక్కర్లేదు, అది ముంగిస. వెనకున్న వేరేవాళ్ళ తోటలోంచి బయల్దేరి, మా ఇంటి పక్కగా వచ్చి, రోడ్డు దాటి అవతల వాగు దాకా రోజూ దాని ప్రయాణం. రోహిణి కార్తెలో కూడా ఇక్కడ నేల చల్లగానే ఉంటుంది. చెయ్యి కిందికి జార్చి, ఆ మట్టిని తాకుతూ పడుకుంటాను.

ఈ చెట్టు మాది కాదు. కాగితాల ప్రకారం ఇప్పటికీ కాదు.

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో మా కాలనీ. ఒకప్పుడు అదంతా మామిడితోట. మావారు మామిడికాయల వ్యాపారి. ఇదే తోట కాపును పూత మీదే చూసి ఎన్నో ఏళ్ళు కొన్నారు. తోట వెంచర్ అయ్యాక అందులోనే స్థలం తీసుకుని ఇల్లు కట్టించారు. "చెట్లు పోయినా నేల అదే కదే" అన్నారు. నేల మాత్రం ఎక్కడ మిగిలింది? గేటు నుంచి వెనక గోడ దాకా సిమెంటు చప్టా. మొదటి వేసవిలో ముందుగదిలో ఉడికిపోయాం. మా దక్షిణం ప్రహరీ గోడ అవతల, ఇల్లు కట్టని స్థలంలో, పాత తోట చెట్టు ఒక్కటి మిగిలింది. దాని కొమ్మలు సగం మా వంటింటి మీదికి వాలి ఉండేవి. పొయ్యి ఉన్న గదే ఇంట్లో చల్లని గది అయింది.

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ వేసవి దాటగానే మనుషుల్ని పిలిపించి దక్షిణం వైపు చప్టా అంతా పగలగొట్టించాను. "ఊళ్ళో అందరూ సిమెంటు వేయించుకుంటుంటే మా ఆవిడ తవ్విస్తోందండీ" అని మావారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నవ్వుకోనిచ్చాను. కరివేపాకు, మందార, నందివర్ధనం పెట్టాను. రాలిన ఆకుల్ని ఊడ్చి పారేయకుండా మొదళ్ళ దగ్గరే పోశాను. ముందు ఉడతలు వచ్చాయి. తర్వాత తేనెపిట్టలు, జెముడుకాకి. వర్షాకాలానికి కప్పలు. ముంగిస మాత్రం మా వెనక గోడ దాకా వచ్చి, ఇటూ అటూ చూసి వెనక్కి పోయేది. ఆ గోడ అడుగునా, దక్షిణం గోడ అడుగునా నాలుగేసి ఇటుకలు తీయించాను. మర్నాటి నుంచి అది తన సొంతిల్లయినట్టే తిరగడం మొదలుపెట్టింది.

అంతా కుదురుకుందనుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున్న పక్క స్థలంలో రంపం చప్పుడు వినిపించింది. చేతిలో ఉన్న గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. ఆ స్థలం మైలవరంలో హార్డ్‌వేర్ షాపు నడుపుకునే ఒక పెద్దాయనది. రంపం మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఇల్లు మొదలుపెడుతున్నామమ్మా. చెట్టు ఈశాన్యంలో పడింది. ఈశాన్యంలో బరువు ఉండకూడదని సిద్ధాంతిగారు చెప్పారు."

"ఈ చెట్టు మొలిచినప్పుడు మీ ఈశాన్యం ఎక్కడుందండీ? ఈ గీతలన్నీ మొన్న గీసినవేగా!"

ఆయన నాతో గొడవ పెట్టుకోలేదు. రంపం మనిషిని టీ తాగి రమ్మని పంపారు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"మా కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదమ్మా. చాట్రాయి ఊరి పిల్ల. బంగారంలాంటి పిల్ల. ఏ లోపం లేదని డాక్టర్లు చెబుతున్నారు. ఈ స్థలం కొన్న దగ్గర్నుంచే ఇలా అవుతోంది. సిద్ధాంతిగారు చెట్టు చూపించారు. వినకుండా ఉండి, రేపు మళ్ళీ ఏదైనా అయితే మావాడి మొహం ఎలా చూడను?"

గరిటె కొంగు చాటున పెట్టుకున్నాను. వాస్తు పేరు చెబితే ఇంతెత్తున లేచేదాన్ని, ఆ పూట ఎవరి మీద లేవాలో తెలియలేదు. నా మొహంలో ఏం కనిపించిందో, ఆయనే అన్నారు: "శంకుస్థాపన దాకా ఆపుతానమ్మా. ఆపైన నన్నేమీ అనద్దు."

అది పూత కాలం. గాలి వీచినప్పుడల్లా ఆ వాసన ఇంట్లోకి వచ్చి, పక్కబట్టల్లో, జుట్టులో చేరేది. మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని, చెట్టును చూస్తూ ఉండేదాన్ని. చెట్టు పోతే నీడ పోతుంది, ఉడతలు పోతాయి, ముంగిస దారి తెగిపోతుంది. చెట్టు ఉంటే, ఇంకా చూడనైనా చూడని ఆ పిల్ల గుండెల్లో బరువు ఉండిపోతుంది. రెండింట్లో ఏది కోరుకున్నా తప్పులాగే తోచేది. మగతలో ఒక్కోసారి ఈ ఇళ్ళన్నీ కరిగిపోయి, పాత తోట మళ్ళీ లేచి నిలబడినట్టు ఉండేది. ఆ తోటలో ఎవరికీ ఏ మూలా లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నమే ముంగిస వచ్చింది. మా దక్షిణం గోడ కింద ఇటుకలు తీసిన చోట దూరి, అటు ఆయన స్థలంలోకి పోయి, చెట్టు మొదట్లో కాసేపు ఆగి, మళ్ళీ మా వైపు వచ్చింది. మా గోడ అన్నది ఒకటుందని దానికి పట్టనే పట్టలేదు. నేను లేచి కూర్చున్నాను. చెట్టు కదలదు, నిజమే. ఆయన గోడ ఇంకా కట్టనే లేదు కదా!

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "అన్నయ్యగారూ, మీ ఉత్తరం గోడను చెట్టుకి మీ వైపుగా, లోపలికి జరిపి కట్టుకుంటే? గోడ బయటున్న చెట్టు మీ ఈశాన్యంలోకి వస్తుందేమో ఒక్కసారి అడగండి."

సిద్ధాంతిగారిని అడిగి, ఆయనే స్వయంగా వచ్చారు. "గోడ బయటున్నది లెక్కలోకి రాదన్నారమ్మా. కాకపోతే ఆ మూల ఒక్కటే కొయ్యకూడదంట. గోడ రోడ్డు నుంచి వెనకదాకా ఒకే తీరుగా జరగాలంట. అంత నేల మధ్యలో వదిలేస్తే అది ఎటూ కాకుండా పోదూ?"

"పోదండీ. మా దక్షిణం గోడ నేను తీయించేస్తాను. మీకు ఈశాన్యంలో బరువైంది మాకు దక్షిణంలో పడుతుంది. దక్షిణంలో బరువుండడం మంచిదే కదండీ!"

లోపల్నుంచి మావారి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అలా చెట్టు ఉన్నచోటే ఉంది, గోడే జరిగింది. ఆయనకు కారు పెట్టుకునే చోటు కాస్త తగ్గింది, మాకు ఒక గోడ పోయింది. మధ్యలో రోడ్డు నుంచి తోట దాకా పొడవాటి మట్టినేల మిగిలింది. దాన్నిండా గోరింట, పారిజాతం, సీతాఫలం నాటాం. మా ఎదురింటివాళ్ళు చూసి చూసి, వాళ్ళకీ పక్కింటికీ మధ్య చప్టా తీయించి మొక్కలు పెట్టారు. ఇప్పుడు తోటలో బయల్దేరిన ప్రాణి ఒక్క రోడ్డు దాటితే చాలు, వాగు దాకా నీడలోనే పోతుంది.

ఇల్లు పూర్తయి వాళ్ళు దిగేసరికి కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. గోడ బయటున్నా సరే, చెట్టు వైపు పోవద్దని ఇంట్లో చెప్పినట్టున్నారు. డాబా మీద బట్టలు ఆరేస్తూ ఆ పిల్ల కొమ్మల వంక చూసేది. నేను కనిపిస్తే నవ్వేది. నేనూ పిలవలేదు. పిలవడానికి నాకే ధైర్యం లేకపోయింది.

ఏడో నెలలో అనుకుంటాను, ఒకరోజు తాపీమేస్త్రి వచ్చి వాళ్ళ ఉత్తరం గోడకు, చెట్టుకి ఎదురుగా, చిన్న గేటు పెట్టడం మొదలుపెట్టాడు. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నారు. "ఈశాన్యం వైపు ఉత్తరంలో ద్వారం ఉంటే చాలా మంచిదంటమ్మా. మా కోడలే సిద్ధాంతిగారికి ఫోన్ చేసి కనుక్కుంది" అన్నారు.

గేటు బిగించిన మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల నడుము మీద చెయ్యి వేసుకుని, మెల్లగా నడిచి వచ్చింది. చెట్టు మానును ఒకసారి అరచేత్తో తడిమింది. మంచం చివర కూర్చోబెట్టాను.

"నీకు భయం లేదా అమ్మా, ఈ చెట్టంటే?" అన్నాను.

"చెట్టంటే నాకెప్పుడూ భయం లేదు పిన్నిగారూ. రంపం తెచ్చారని తెలిసిన రోజు భయమేసింది. చెట్టు కొట్టేశాక కూడా మళ్ళీ అలాగే అయితే, ఇంక తప్పు పట్టడానికి నేనే కదండీ మిగిలేది."

ఇన్నాళ్ళూ నేను కాపాడింది చెట్టునే అనుకుంటూ ఉన్నాను. మంచం మీద పక్కకు జరిగి తలగడ అటు పెట్టాను. ఆ పిల్ల ఒత్తిగిలి పడుకుని, ముంగిస వచ్చే వేళకు నిద్రపోయింది. ఆ మధ్యాహ్నం నేను కునుకు తీయకుండా పక్కనే కూర్చున్నాను.